మన్యం జ్వరం: సికింద్రాబాద్ నుంచి చర్ల దాకా

ఖమ్మం దాటి భద్రాచలం అడవి వైపు వెళ్తున్నామంటే మా ఇంట్లో పెద్దవాళ్లు ఒకటే మాట చెప్పేవాళ్లు: "అక్కడి నీళ్లు పడవు, చలిజ్వరం వస్తుంది." తప్పు నీళ్లది కాదు, దోమది.

ఆ సంగతి తేలింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రక్తం తాగిన దోమ గోడ మీద వాలుతుంది కదా, అందుకే 1953లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టారు. దేశంలో ఏటా సుమారు 7.5 కోట్లున్న కేసులు 1961 నాటికి 50 వేలకు దిగాయి. ఇక పోయిందనుకున్నారు. నిఘా సడలింది, దోమ మందుకు తట్టుకుంది. 1976లో కేసులు 64 లక్షలు!

ఇప్పుడు వేడి తోడైంది. దోమ కడుపులో ఫాల్సిపేరం క్రిమి ఎదగడానికి 20 డిగ్రీల దగ్గర దాదాపు నాలుగు వారాలు పడితే, 28 దగ్గర పది రోజులు చాలు. మండుటెండ దోమను చంపుతుంది, నిజమే. కానీ చలికాలం వెచ్చబడితే జ్వరాల కాలం సాగుతుంది.

చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో రోడ్డు లేని గూడేనికి వానలొస్తే ఎవరూ చేరలేరు. అందుకే వానలకు ముందే గోడలకు మందు, మనిషికి దోమతెర చేరాలి. జ్వరమొచ్చిన రోజే రక్తపరీక్ష జరగాలి. కేసులు తగ్గిన ఏడాదే మరింత జాగ్రత్తగా ఉండాలని 1976 మనకు నేర్పింది. మరిచిపోతే మళ్లీ నేర్పుతుంది.