పెద్దకూర, కూరగాయల స్టర్ ఫ్రై: ఇంటి పొయ్యి మీద చేయు విధానం

స్టర్ ఫ్రై అనగా బాగా కాగిన మూకుడులో, కొద్దిపాటి నూనెతో, సన్నగా తరిగిన పదార్థాలను ఎడతెగక కలియబెడుతూ కొద్ది నిమిషాలలో వేయించే చైనా వంట పద్ధతి. ఈ పద్ధతి చైనాలో ఎంతో పాతది గాని, ఆ ఆంగ్లపు పేరు మాత్రం ఇటీవలిదే. అమెరికాలో స్థిరపడిన బువే యాంగ్ చావ్ అను చైనా వైద్యురాలు 1945లో ప్రచురించిన వంటల పుస్తకం ద్వారా అది వాడుకలోకి వచ్చినది. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ పద్ధతిలో చేసే ఒక ప్రసిద్ధ వంటకం గురించి. అమెరికాలోని చైనా హోటళ్లలో పార్సిల్ కట్టించుకొని పోయే పశుమాంసం, బ్రోకలీ వేపుడు అది.

చైనావారి ఇళ్లలో ఈ వంటకం సరిగ్గా ఈ రూపంలో ఉండదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుండి అమెరికాకు వలస వెళ్లినవారు తమ ఊరిలో గైలాన్ అను ఆకుకూరతో వండుకొనేవారు. అది అక్కడ సులభంగా దొరకలేదు. ఇటలీ నుండి వలస వచ్చినవారు కాలిఫోర్నియాలో 1920ల నాటికి బ్రోకలీని విస్తారంగా పండించసాగినారు. ఒక వలస జాతి వంటలోకి మరొక వలస జాతి కూరగాయ అట్లా వచ్చి చేరినది. 1882 నుండి 1943 వరకు చైనా కూలీల రాకను నిషేధించిన చట్టం అమెరికాలో అమలులో ఉండినది. ఆ కాలంలో అక్కడి చైనావారికి మిగిలిన కొద్దిపాటి జీవనోపాధులలో బట్టలు ఉతికే అంగళ్లు, హోటళ్లు ముఖ్యమైనవి. సినిమాలలో మనం చూసే ఆ మడత కాగితపు డబ్బా సంగతి కూడా చిత్రమైనదే. దానికి 1894లో షికాగోకు చెందిన ఫ్రెడరిక్ వీక్స్ విల్కాక్స్ పేటెంటు పొందినాడు. అది ఆల్చిప్పల మాంసం అమ్మడానికి పుట్టిన డబ్బా. చైనా హోటళ్లకు తరువాత వచ్చినది.

పరాయి ఊరిలో దొరికిన దానితో సొంత ఊరి వంట చేసుకోవడం సరిహద్దు పల్లెలలోని మనకు కొత్త సంగతి కాదు. అందుచేతనే ఈ వంటకాన్ని మన ఊరిలో దొరికే మాంసంతో, మన పొయ్యి మీద ఎట్లా చేయాలో రాయదలచినాను. తినే ఇళ్లు, తినని ఇళ్లు రెండూ మన పల్లెలలో పక్కపక్కనే ఉన్నవి. పెద్దకూర తినని ఇంటివారు ఇదే పద్ధతిలో కోడిమాంసంతో చేసుకోవచ్చును. ఆ మార్పులు చివర చెప్పినాను.

మొదటిసారి మా ఇంట ఈ వంట పూర్తిగా చెడినది. అమెరికాలో ఉద్యోగం చేసే మా మేనమామ కొడుకు సెలవులకు వచ్చినప్పుడు నోరూరేటట్లు వర్ణించి, సాస్ సీసాలు కూడా తెచ్చి ఇచ్చినాడు. అర కిలో మాంసాన్ని ఒక్కసారే మూకుడులో వేసినాము. చుంయ్ మన్న శబ్దం అర నిమిషంలో ఆగిపోయినది. మాంసం తన నీటిలో తానే ఉడికి, బూడిదరంగుకు తిరిగి, తోలువలె సాగినది. లోపం సాస్‌లో ఉన్నదని చాలా కాలం అనుకొన్నాము. లోపం సాస్‌లో లేదు, నీటిలో ఉన్నది.

దీనిని లెక్క వేసి చూడవచ్చును. 100 గ్రాముల నీరు ఆవిరి కావడానికి సుమారు 226 కిలోజౌళ్ల ఉష్ణం కావలెను. ఇంటి గ్యాసు పొయ్యి పెద్ద బర్నరు రమారమి రెండున్నర కిలోవాట్లు ఇస్తే, అందులో ఒకటిన్నర కిలోవాట్లు మూకుడులోకి చేరినదనుకొందాము. అంటే సెకనుకు ఒకటిన్నర కిలోజౌళ్లు. ఆ లెక్కన 100 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికే రెండున్నర నిమిషాలు పడుతుంది. అర కిలో మాంసం వేడి తగలగానే అంత నీటిని సునాయాసంగా విడుస్తుంది. నీరు ఉన్నంతసేపు దాని చుట్టూ వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబారి వేపుడు వాసన రావడానికి అంతకంటె చాలా ఎక్కువ వేడి కావలెను. చైనా హోటళ్ల పొయ్యి ఇంటి బర్నరుకు పది రెట్లు, ఒక్కొక్కచోట అంతకు మించి, వేడినిస్తుంది. అక్కడ నీరు వచ్చినది వచ్చినట్లే ఆవిరవుతుంది. మన బస్టాండ్ల వద్ద నూడిల్స్ బండివాని పొయ్యి గుయ్యిమని మ్రోగేది కూడా ఇందుకే.

ఇంటిలో మంటను పది రెట్లు పెంచలేము. మూకుడులో వేసే మాంసాన్ని మాత్రం తగ్గించగలము. అర కిలోను రెండు మూడు వాయిలుగా వేయించవలెను. ఇక్కడ పల్లెవారికి పట్నంవారికి లేని ఒక సౌకర్యం ఉన్నది. పెరటిలో కట్టెల పొయ్యి ఉన్నవారు బాగా ఎండిన సన్న కట్టెలతో మంట పెట్టి దాని మీద చేసి చూడవలెను. మంట మూకుడు అడుగునంతా చుట్టుకొంటుంది. మా ఇంట గ్యాసు మీద కంటె కట్టెల మీద చేసినదే హోటలు రుచికి దగ్గరగా వచ్చినది. మూకుడు ఇనుపదై ఉండవలెను. నాన్‌స్టిక్ పాత్రను ఇంత వేడికి పెట్టరాదు, దాని పూత చెడుతుంది.

ఇక మాంసం. అమెరికాలో ఈ వంటకు వాడేది లేత వయస్సు పశువు మాంసం. మనకు దొరికేది అది కాదు. కర్ణాటకలో 2021 జనవరి నుండి అమలులోనున్న చట్టం ప్రకారం ఆవును, ఎద్దును, దూడను ఏ వయస్సులోనూ వధించరాదు. 13 ఏండ్లు పైబడిన ఎనుములను మాత్రమే అధికారి ధ్రువపత్రంతో వధించవచ్చును. మహారాష్ట్రలో ఆవులతో పాటు ఎద్దులను కూడా 2015లో నిషేధం పరిధిలోకి తెచ్చినారు. గేదె మాంసం ఆ నిషేధంలో లేదు. తక్కిన రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉన్నవి. ఒకే సంతకు రెండు రాష్ట్రాలవారు వచ్చే మన ప్రాంతాలలో ఈ భేదం తెలియక చిక్కులలో పడే ప్రమాదం ఉన్నది. తమ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న అంగడిలోనే కొనవలెను. మాంసాన్ని హద్దు దాటించి తీసుకుపోకుండుట మేలు.

కనుక మన మూకుడులోకి వచ్చేది చాలా వరకు ముదురు ఎనుము మాంసమే. గేదె అన్నా, బర్రె అన్నా అదే. వయస్సు పెరిగినకొద్దీ కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులు బిగిసిపోతాయి. అవి కరగడానికి గంటలకొద్దీ ఉడకవలెను. అందుకే మన పెద్దలు దానిని కుక్కరులోనో, కుండలోనో పెట్టి ఇగురు చేస్తారు. మూడు నిమిషాల వేపుడుకు ఆ అవకాశం లేదు. మెత్తదనాన్ని పొయ్యి ఎక్కకముందే సాధించవలెను. దానికి మూడు పనులున్నవి: ముక్కను ఎంచుకోవడం, కోత, పూత.

ముక్క విషయంలో రాజీ పడరాదు. నడుము లోపలి భాగంలో వెన్నెముకను ఆనుకొని ఉండే పొడవైన కండను అంగడివారు అండర్‌కట్ అంటారు. పశువు నడకలో ఆ కండకు పని తక్కువ, కాబట్టి ముదురు పశువులో సైతం అది మెత్తగానే ఉంటుంది. ఒక్కొక్క పశువుకు కొద్దిగానే వస్తుంది గనుక ముందురోజే చెప్పి ఉంచుకోవలెను. కాలి కండను, మెడ మాంసాన్ని ఈ వంటకు కొనవద్దు. అవి ఇగురుకే తగినవి.

కోతకు ముందు మాంసాన్ని అర గంట నుండి ముప్పావు గంట వరకు ఫ్రిజ్ పై అరలో, మంచు గడ్డ కట్టే చోట, ఉంచవలెను. పూర్తిగా గట్టిపడకుండా బిగుసుకొంటే కత్తి జారదు. తరువాత కండలోని నార ఎటు పోతున్నదో వెలుతురులో గమనించి, దానికి అడ్డంగా మూడు మిల్లీమీటర్ల మందంలో కోయవలెను. నార వెంబడి కోస్తే పొడవాటి పోగులన్నీ పంటి కిందకు వస్తాయి. అడ్డంగా కోస్తే పోగులను పంటికి బదులు కత్తియే తెంపుతుంది. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం మాత్రమే గుర్తుండేదైతే అది ఇదే కావలెనని నా కోరిక.

పూతలో రెండు దశలు. అర కిలో ముక్కలకు ముప్పావు చిన్నచెంచా వంటసోడాను రెండు పెద్ద చెంచాల నీటిలో కరిగించి పట్టించి, పదిహేను నుండి ఇరవై నిమిషాలు ఉంచవలెను. సోడా క్షారగుణం వల్ల మాంసకృత్తులు వేడికి బిగుసుకొని ముడుచుకోవడం తగ్గుతుంది. బేకింగ్ పౌడరు వేరు, వంటసోడా వేరు. సమయం కాగానే ముక్కలను చన్నీటిలో బాగా కడిగి, పిండి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దవలెను. కడగకపోతే సబ్బు రుచి మిగులుతుంది, తడి మిగిలితే పైన చెప్పిన నీటి బాధ మళ్లీ వస్తుంది. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించే అలవాటు మనలో ఉన్నది గదా అని అడగవచ్చును. అది పెద్ద ముక్కలకు మంచిది. ఇంత పలుచని ముక్కలకు కొంచెం సేపు ఎక్కువైనా పైభాగం పిండివలె అయిపోతుంది.

రెండవ దశలో ఒక పెద్ద చెంచా సోయా సాస్, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్, ఒక పెద్ద చెంచా నూనె, పావు చెంచా మిరియాల పొడి కలిపి పట్టించి పదిహేను నిమిషాలు ఉంచవలెను. కార్న్‌ఫ్లోర్ అనగా తెల్లని మొక్కజొన్న గంజిపిండి. రొట్టెలకు వాడే పసుపుపచ్చని మొక్కజొన్న పిండి పనికిరాదు. ఈ పూత రసాన్ని లోపల నిలుపుతుంది, చివర సాస్ ముక్కకు అంటుకొనేటట్లు చేస్తుంది. హోటలు మాంసానికుండే ఆ నున్నదనం దీనివల్లనే.

నలుగురికి సరిపడే తక్కిన పదార్థాలు ఇవి. కూరగాయలు 400 గ్రాములు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, అల్లం అంగుళం ముక్క, ఎండుమిరప మూడు, ఉల్లికాడలు నాలుగు, వేరుశనగ నూనె మూడు పెద్ద చెంచాలు. సాస్‌కు లైట్ సోయా మూడు పెద్ద చెంచాలు, ఆయిస్టర్ సాస్ రెండు పెద్ద చెంచాలు, చక్కెర రెండు చిన్న చెంచాలు, వెనిగర్ ఒక చిన్న చెంచా, నీరు 100 మిల్లీలీటర్లు, కార్న్‌ఫ్లోర్ రెండు చిన్న చెంచాలు గిన్నెలో ముందే కలిపి పెట్టుకోవలెను. ఆయిస్టర్ సాస్ ఆల్చిప్పల రసంతో చేసేది. పల్లె అంగళ్లలో దొరకకపోతే సోయాను మరొక చెంచా పెంచి, అర చెంచా బెల్లం తురుము చేర్చుకోవచ్చును. ఉప్పు విడిగా వేయవద్దు, సోయాలో కావలసినంత ఉన్నది. ఎండుమిరప అమెరికా వంటకంలో సాధారణంగా ఉండదు, అది మన నాలుక కోసం. గరంమసాలా వేస్తే మాత్రం మరొక కూర అవుతుంది. రంగు పొడులు అసలే వద్దు. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించిన సంగతి చదువరులకు గుర్తుండవచ్చును.

బ్రోకలీ పట్నాలలోనే దొరుకుతుంది. క్యాలీఫ్లవర్, బీన్స్, క్యారెట్, క్యాప్సికం ఏవైనా సరే. గట్టి కూరగాయలను మరిగే ఉప్పునీటిలో ఒక్క నిమిషం ఉంచి, తీసి, పూర్తిగా వడగట్టి ఆరబెట్టవలెను. క్యాప్సికంకు అది అక్కరలేదు.

పొయ్యి వెలిగించకముందే అన్నీ తరిగి, చేతికి అందేటట్లు అమర్చుకోవలెను. మొదలుపెట్టిన తరువాత ఉల్లికాడలు తరిగే వ్యవధి ఉండదు. ఖాళీ మూకుడును పెద్ద మంట మీద సన్నని పొగ వచ్చే వరకు కాచి, ఒక చెంచా నూనె వేసి తిప్పి, మాంసంలో మూడవ వంతును ఒకే పొరగా పరచవలెను. ముప్పావు నిమిషం కదపరాదు. అడుగు ఎర్రబారిన తరువాత కలియబెట్టి, మరొక ముప్పావు నిమిషానికి పచ్చిదనం పోయినదని చూసి పళ్లెంలోకి తీయవలెను. మూకుడు మళ్లీ కాగిన తరువాతనే రెండవ వాయి. పిల్లలు వాసనకు చేరి తొందరపెడతారు, అయినా ఆగవలెను.

మాంసమంతా తీసిన పిదప మిగిలిన నూనె వేసి ఎండుమిరప, అల్లం, వెల్లుల్లి పది పదిహేను సెకన్లు వేయించి, కూరగాయలను వేసి రెండు నిమిషాలు కలియబెట్టవలెను. అవి పంటికి కరకరలాడవలెను. మాంసాన్ని, పళ్లెంలో ఊరిన రసాన్ని తిరిగి వేసి, సాస్‌ను అడుగు నుండి కలిపి మూకుడు అంచు వెంబడి పోయవలెను. కార్న్‌ఫ్లోర్ గిన్నె అడుగున పేరుకొంటుంది గనుక కలపడం మరువరాదు. ముప్పావు నిమిషంలో సాస్ చిక్కబడి మెరుస్తుంది. ఉల్లికాడలు చల్లి వెంటనే దించవలెను. ఏ ముక్కలోనైనా లోపల ఎర్రదనం కనిపిస్తే మరికొంతసేపు ఉంచవలెను. అంగడి మాంసాన్ని సగం పచ్చిగా తినడం క్షేమం కాదు. పచ్చిమాంసం కోసిన పీటను, కత్తిని సబ్బుతో కడిగిన తరువాతే ఇతర పనికి వాడవలెను.

కోడిమాంసమైతే ఎముక లేని తొడ ముక్కలు మేలు. సోడా పావు చెంచా, పది నిమిషాలు చాలు. లోపల గులాబీరంగు ఏ మాత్రం మిగలరాదు. వేటమాంసానికి కూడా ఎముక లేని మెత్తని కండనే అడిగి, సోడా కొలత పెద్దకూరకు చెప్పినట్లే వాడవచ్చును.

దీనిని వేడి తెల్లన్నంలోకి తినవలెను. రాగిముద్దలోకి మాత్రం పొసగదు, మేము ప్రయత్నించి చూసినాము. ముద్దకు పలుచని పులుసు కావలెను, ఈ సాస్ జిగురుగా ఉంటుంది. మిగిలినదానిని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొగలు వచ్చే వరకు వేడిచేసి వాడుకోవచ్చును. కూరగాయల కరకర మాత్రం అప్పటికి ఉండదు.