గోధుమ చాటున పాలు

రోగమునకు కారణము కనిపెట్టుట ఒక ఎత్తు. రెండు కారణములు ఒకే లక్షణములతో కనబడుచున్నప్పుడు వాటిని విడదీయుట మరియొక ఎత్తు. గోధుమ పడనివారికి పాలు కూడ పడకపోవుట అట్టి చిక్కుముడియే. గోధుమను మానిన పిమ్మటకూడ కడుపునొప్పి, ఉబ్బరము, విరేచనములు తగ్గకున్నచో దోషము దేనిది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు వైద్యలోకమునకు సుమారు ఎనుబది సంవత్సరములు పట్టినది. మన సంఘమువారికి ఈ చరిత్రతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. అన్నము, మజ్జిగల సీమనుండి ఉద్యోగరీత్యా వచ్చి, రొట్టె, పాలు, కోవాల సీమలో కాపురముండువారికి పని లేకపోవుట ఎట్లు?

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. గోధుమ, బార్లీ, రై ధాన్యములందు గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. చపాతిపిండికి సాగుడు గుణమునిచ్చునది అదియే. సీలియాక్ వ్యాధి కలవారి దేహము దీనిని శత్రువుగా ఎంచి, ఆ పోరాటములో తన చిన్నప్రేగునే గాయపరచుకొనును. ప్రేగు లోపలి గోడమీద మఖమలు గుడ్డమీది నూగువలె అతిసూక్ష్మములైన చూషకములు నిలిచియుండును. అవి నేలమట్టమైనచో తిన్న తిండి ఒంటబట్టదు. పిల్లలు ఎదుగరు, పెద్దలకు రక్తహీనత తగులుకొనును. గ్లూటెన్‌ను జీవితాంతము విడుచుటయే దీనికి చికిత్స.

1887 అక్టోబరు 5వ తేదీన లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ జీ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను. మరుసటి సంవత్సరము ఆ ఉపన్యాసము అచ్చయినది. రోగి కోలుకొనుట యన్నది సాధ్యమైనచో అది ఆహారమువలననే సాధ్యమని ఆయన నిశ్చయించెను. ఆవుపాలు ఈ పిల్లలకు సరిపడవనియు గ్రహించెను. ఇంతవరకు ఆయన చూపు ఎంత నిశితమో చూడుడు. కాని ఆ వెనువెంటనే బియ్యమును, సగ్గుబియ్యమును నిషేధించి, రెండు ప్రక్కల బాగుగా కాల్చిన పలుచని రొట్టెముక్క మేలని సెలవిచ్చెను! నిర్దోషియైన బియ్యమునకు శిక్ష, అసలు దోషియైన గోధుమకు ఆదరము. ఆయన ప్రకటించిన మరియొక ముచ్చట: ఒక బిడ్డ దినదినము హాలెండు ఆల్చిప్పల మాంసము తిని చక్కగా కోలుకొనినది, ఆల్చిప్పల కాలము ముగియగానే వ్యాధి తిరుగబెట్టినది, మరుసటి ఏట ఆ బిడ్డను ఎంత బ్రతిమాలినను వాటిని ముట్టలేదట. పథ్యము చెప్పువారు పథ్యము చేయువారి నాలుకను మరువరాదని నాకు ఇందువలన తోచును.

తరువాతి అంకము అమెరికాలో జరిగినది. న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ 1924లో అరటిపండు పథ్యమును ప్రకటించెను. పదిమంది పిల్లలలో ఆ పథ్యము చేసిన ఎనమండుగురు కోలుకొనిరి, చేయని ఇరువురు మరణించిరి. అరటిపండులో ఏదో మహత్తు కలదని లోకము నమ్మినది. ఆ పథ్యపట్టికను నేటి కన్నులతో చూచినచో మహత్తు ఎక్కడ నున్నదో తెలియును. అందు రొట్టె లేదు, బిస్కత్తు లేదు, ధాన్యమే లేదు. పాలకు బదులు పాలవిరుగుతోను, మజ్జిగతోను తయారుచేసిన ఒక విధమైన పాలు ఇచ్చెడివారు; అందు పాలచక్కెర మిక్కిలి తక్కువ. అనగా హాస్ తనకు తెలియకయే గోధుమను, పాలచక్కెరను ఒక్కసారిగా తొలగించెను. పిల్లలు బ్రతికిరి, కీర్తి అరటిపండునకు దక్కినది. అన్నిటిని ఒక్కసారిగా మానినచో మేలు కలుగవచ్చును గాని, మేలు చేసినది ఏదో తెలియదు. ఈ నాటికిని గృహములలో జరుగుచున్నది ఇదియే.

ముడిలో మొదటి పోగును విడదీసినవాడు హాలెండు దేశీయుడు విలెం డికే. ఆయన హేగ్ నగరములోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి. గోధుమరహిత పథ్యమును గూర్చి 1941లోనే వ్రాసెను. 1944-45 శీతకాలమున జర్మను దిగ్బంధమువలన ఆ దేశమున ఘోరమైన క్షామము వచ్చినది. రొట్టె కరవై ప్రజలు ట్యూలిప్ పూలదుంపలు తినిరి. తక్కిన పిల్లలు కృశించుచుండగా సీలియాక్ పిల్లలు తేరుకొనుచుండిరనియు, క్షామము తీరి రొట్టె వచ్చినంతనే వారి వ్యాధియు మరల వచ్చినదనియు చెప్పుదురు. ఆ క్షామమే ఈ సత్యమును కనిపెట్టినదని వ్రాయుట పరిపాటియైనది. అది సరికాదు. అనుమానము ముందే ఉండెను. క్షామము దానిని బలపరచినది. నిరూపణ 1950లో ఆయన సిద్ధాంతవ్యాసముతో వచ్చినది. వాన్ డి కామెర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మలములోని కొవ్వును కొలుచు పద్ధతిని సమకూర్చెను. ఆ కొలతను ఆధారము చేసికొని ఒక్కొక్క ధాన్యమును విడివిడిగా తినిపించి చూచిరి. గోధుమ, రై పట్టుబడినవి. బియ్యము, మొక్కజొన్న, బంగాళాదుంప విడుదలయైనవి. జీ విధించిన శిక్ష అరువది యేండ్ల తరువాత బియ్యమునకు తొలగినది.

గోధుమ సంగతి తేలినది. అయినను కొందరు రోగులు నియమము తప్పకయే బాధపడుచుండిరి. 1950 దశాబ్దపు ఉత్తరార్ధమున, శస్త్రచికిత్స లేకుండ నోటిద్వారా గొట్టము పంపి ప్రేగుముక్కను తీయు సాధనములు వచ్చినవి. అందువలన రహస్యము బయటపడినది. పాలలోని చక్కెరకు లాక్టోజ్ అని పేరు. దానిని విడగొట్టు లాక్టేజ్ అను రసము చూషకముల కొనలయందే ఉండును. చూషకములు కూలినప్పుడు మొదట నశించునది, అవి మరల మొలచినప్పుడు చివరకు తిరిగివచ్చునది ఆ రసమే. అందుచేత గోధుమను మానిన మొదటి నెలలలో పాలు పడకపోవుట తరచుగా తాత్కాలికము. గోధుమ ఇల్లు కూల్చిపోగా, ఆ శిథిలములలో చిక్కుకొనినది పాలు.

ఇక్కడ మరియొక మెలిక కలదు. 1963లో యూరోపు వైద్యులు, ప్రేగు ఆరోగ్యముగా నున్న పెద్దలలోకూడ లాక్టేజ్ లేకుండుటను ప్రకటించిరి. వారు దానిని లోపమనుకొనిరి. 1960 దశాబ్దము ముగియులోపల అమెరికాలో నల్లజాతివారిని పరీక్షింపగా అది అత్యధికులకు సహజమని తేలినది. తల్లిపాలు మానిన పిమ్మట ఆ రసము తగ్గిపోవుటయే మానవజాతిలో అధికసంఖ్యాకుల స్థితి. పెద్దయైన తరువాత పాలు అరుగుటయే విశేషము. 2002లో ఫిన్లాండు పరిశోధకులు ఆ విశేషమునకు కారణమగు జన్యుభేదమును గుర్తించిరి. 2011లో భారతీయులపై ప్రకటింపబడిన పరిశోధన అదే భేదము మన దేశమునను కలదనియు, వాయవ్యమున హెచ్చుగాను, దక్షిణమునకు, తూర్పునకు పోవుకొలది తక్కువగాను ఉండుననియు తెలిపినది.

గోధుమ పటము కూడ ఇంచుమించు అట్టిదే. 2016లో వెలువడిన పరిశీలనలో సీలియాక్ వ్యాధి ఉత్తరమున నూటికి 1.23 మందిలోను, ఈశాన్యమున 0.87 మందిలోను, దక్షిణమున 0.10 మందిలోను కనబడినది. వ్యాధికి అవకాశమిచ్చు జన్యువులు మాత్రము ఉత్తర దక్షిణములందు దాదాపు సమానము. భేదమంతయు పళ్లెములో నున్నది: హర్యానాలో రోజుకు సుమారు 455 గ్రాముల గోధుమ తినుచుండగా, వెల్లూరు ప్రాంతమున సుమారు 25 గ్రాములు. ఢిల్లీకి బదిలీయై వచ్చిన తెలుగు కుటుంబము జన్యువులను వెంట తెచ్చుకొని, పళ్లెమును మాత్రము మార్చుకొనుచున్నది.

నేనెరిగిన ఒక ఉద్యోగి కుమార్తెకు తొమ్మిదేండ్ల వయసున ఈ వ్యాధి నిర్ణయమైనది. ఇంటిలో గోధుమపిండి లేకుండ చేసిరి. మూడు నెలలైనను కడుపునొప్పి తగ్గలేదు. బడిలో దొంగచాటుగా బిస్కత్తులు తినుచున్నదని తండ్రికి అనుమానము కలిగినది. పిల్ల ఏడ్చి, తినలేదని ఒట్టుపెట్టుకొనినను నమ్మలేదు. నాయనమ్మ మాత్రము "పిల్ల అబద్ధమాడదురా, పాలు తాగిన పూటే దానికి నొప్పి వస్తున్నది, చూడు" అనెను. బలహీనురాలని ఉదయమొక గ్లాసు, రాత్రి యొక గ్లాసు పాలు బలవంతముగా త్రాగించుచుండిరి! రెండు గ్లాసులలో సుమారు 20 గ్రాముల పాలచక్కెర ఉండును. ముసలామె చూపు శామ్యూల్ జీ చూపునకు తీసిపోదు.

వైద్యుడు వెంటనే పాలను నిందింపలేదు. మొదట గోధుమ ఎక్కడైన దాగియున్నదేమో వెదకుమనెను. ఉప్మారవ్వ, సేమ్యాలు సరే. ఇల్లాలు ఎన్నడును శంకింపనిది ఇంగువ. బజారున దొరకు ముద్ద ఇంగువలోను, పొడి ఇంగువలోను తరచుగా మైదా కలుపుదురు. దానిని మార్చిన తరువాత కొంత గుణము కనబడినది, కొంత మిగిలినది. అప్పుడు రెండు వారములపాటు పాలను ఆపి, వేరొక మార్పేదియు చేయక, తిన్నది, నొప్పి వచ్చిన వేళ పుస్తకములో వ్రాయించెను. నొప్పి పోయినది. మరల పాలు ఇచ్చి చూడగా గంటలోపలనే తిరిగివచ్చినది. శ్వాసలోని హైడ్రోజనును కొలుచు పరీక్ష దానిని ధ్రువపరచినది. ప్రేగులో అరుగక మిగిలిన పాలచక్కెరను సూక్ష్మజీవులు పులియబెట్టుటవలన ఆ వాయువు పుట్టును. డికే ధాన్యములకు చేసినదే ఈ వైద్యుడు పాలకు చేసెను: ఒక్కటి తీయుట, కొలుచుట, మరల పెట్టుట.

పాలచక్కెర అరుగకపోవుట వేరు, పాలలోని మాంసకృత్తు పడకపోవుట వేరు. రెండవ దానిలో దద్దురులు, ఆయాసము, వాంతులు రావచ్చును. దానిని ఇంట పరీక్షించి చూచుట ప్రమాదము. అట్లే, రక్తపరీక్ష చేయింపక ముందే గోధుమను మానరాదు. మానినచో పరీక్ష తప్పుగా చెప్పును.

పాలు పడనంతమాత్రమున పాడి యంతయు విడువనక్కరలేదు. పెరుగులో చక్కెర కొంత ఖర్చయిపోవును. మిగిలినదానిని విడగొట్టుటకు పెరుగులోని సూక్ష్మజీవులే తోడ్పడును. పనీరు చేయునప్పుడు చక్కెర చాలవరకు విరుగునీటితో పోవును. నేతిలో దాదాపు లేదు. కోవాలో మాత్రము పాలకంటె ఎన్నియో రెట్లు చిక్కబడియుండును. ఢిల్లీ మిఠాయిలలో అధికభాగము కోవాయే. పాలచక్కెర అరుగని పెద్దలలో పలువురు ఒక పూటకు ఒక కప్పు పాలను, అనగా సుమారు 12 గ్రాముల పాలచక్కెరను, భోజనముతో కలిపి తీసికొనినచో సహింపగలరు. ఆ పిల్లకు పెరుగన్నము ఒక్కనాడును మానిపింపవలసిన పని లేకపోయెను.

ఏడాది తిరుగులోపల పాలు కొద్దికొద్దిగా అలవాటైనవి. ఇప్పుడు ఆమె కళాశాలలో చదువుచు, రోజుకు రెండు కప్పుల కాఫీ త్రాగుచున్నది. తండ్రి ఆమెకు క్షమాపణ చెప్పెనో లేదో నేనడుగలేదు. మన ఉగాది విందులో మాత్రము వారి ఇల్లాలు వంటవానిని ఇంగువ డబ్బా చూపుమని అడిగి, దానిమీది అచ్చు చదివిన తరువాతనే కుమార్తెకు పులిహోర వడ్డింపనిచ్చును.