మఖ్స్ గుట్ట మీద తష్రీహ్ పాఠం

ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ ‘మనిషికి ఎముకలెన్ని?’ అనగానే ‘దో సౌ ఛే’ అని అందరం ఒక్కసారే అరిచేవాళ్లం. అందరికీ అంతేనా అని మాలో ఒక్కడూ అడగలేదు.

ఆ సవాల్‌కి జవాబు చాలా ఏళ్లకు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ దగ్గర దొరికింది. 1200 ప్రాంతంలో ఆయన కైరోలో ఉన్నాడు. నైలు సరిగా పొంగక ఈజిప్టు అంతా ఘోరమైన కహత్. తిబ్ నేర్చుకునే షాగిర్దులకు జాలీనూస్, అదే గ్రీకు హకీమ్ గాలెన్, రాసిన తష్రీహ్ కితాబు ఎంత వివరించినా బుర్రకెక్కలేదు. మాటలతో శరీర నిర్మాణం అర్థమవుతుందా? మఖ్స్ దగ్గర గుట్టగా మనుషుల ఎముకలున్నాయని విని, అక్కడికే వెళ్లారు.

కింది దవడ రెండు ఎముకలన్నాడు జాలీనూస్. బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలు చూశాడు. అతుకే లేదు, ఒకటే ఎముక. అంత పెద్ద ఉస్తాద్ మాట కన్నా కంటి గవాహీకే విలువిచ్చాడు.

ఈ కిస్సా చాలామంది చెబుతారు. నాకు ఇష్టమైంది తర్వాతి ముక్క. తోక ఎముకతో కలిపి త్రికాస్థి ఆరు ఎముకలని జాలీనూస్ లెక్క. బగ్దాదీకి మొదట ఒకటే కనిపించింది. ఇదీ గలత్ అని రాసేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఇంకో కళేబరం చూశాడు: ఆరే! మిగతావీ అంతే, రెండింట్లో తప్ప. దవడ విషయంలో ఉన్నంత యఖీన్ ఇందులో లేదని ఒప్పుకున్నాడు.

ఇవాళ్టి డాక్టరీ పుస్తకాల్లో త్రికాస్థికి ఐదు పూసలు. కొందరికి నాలుగు, కొందరికి ఆరు. ఆ ఫరఖ్ తెలియకుండా పూసలు లెక్కపెడితే సర్జన్ కత్తి పక్క పూస మీద పడుతుంది.