టిమతీ జాన్ ‘థ్రాన్’: వ్యూహకర్త మేధ, సామ్రాజ్యపు నేరం

మహామేధావిని నవలలో నడిపించడంలో ఒక చిక్కుంది. పాత్ర తెలివి రచయిత తెలివిని మించిపోలేదు. అందుకే డిటెక్టివ్ కథల వాళ్లు మేధావి పక్కన ఒక మామూలు మనిషిని నిలబెట్టారు. స్టార్ వార్స్ జగత్తులో టిమతీ జాన్ పట్టిందీ ఆ దారే. 1991 నాటి ‘ఎయిర్ టు ది ఎంపైర్’లో గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్‌ను కెప్టెన్ పెలియాన్ కళ్లతో చూస్తాం. ఎలోమిన్ దళం ఎదురైనప్పుడు థ్రాన్ ఆ జాతి కళను బట్టి, ఒక క్రమం లేని దాడిని వాళ్లు తట్టుకోలేరని గ్రహిస్తాడు. అలాంటి దాడే చేసి దళాన్ని తుడిచిపెడతాడు. కళ చూసి ఒక జాతి మొత్తం మనస్తత్వం చెప్పేయడం నమ్మదగ్గదేనా? కాదు. పెలియాన్‌కు కలిగిన విస్మయమే మన సందేహాన్ని కప్పేస్తుంది.

2017 నాటి ‘థ్రాన్’లో జాన్ ఒక అడుగు ముందుకేశాడు. ఈసారి థ్రాన్ చూపులోకే మనల్ని తీసుకెళ్తాడు. ఎదుటివాడి ముఖంలో పెరిగే వేడి, బిగుసుకునే కండరాలు సంభాషణ మధ్యలో వాలు అక్షరాల్లో కనిపిస్తాయి. అయినా నవలకు ప్రాణం ఎలై వాంటోయే. సరఫరా అధికారి కావాలనుకున్న ఈ కుర్రాడు సై బిస్టీ భాష తెలిసిన పాపానికి థ్రాన్‌కు దుబాసీ అవుతాడు. థ్రాన్ మెట్లెక్కుతుంటే ఇతను ఏళ్ల తరబడి ఎన్‌సైన్‌గానే మిగిలిపోతాడు. ప్రతిభ పక్కన నిలబడ్డవాడు చెల్లించే మూల్యం ఇంత స్పష్టంగా ఈ రచయిత మరెక్కడా చూపలేదనిపిస్తుంది.

నవల తడబడేది బటాన్ గ్రహపు ఘట్టంలో. అక్కడి తిరుగుబాటును పౌరులకు వీలైనంత తక్కువ నష్టంతో అణచాలన్నది థ్రాన్ పథకం. తన తల్లిదండ్రులను అక్కడి నుంచి తప్పించే ప్రయత్నంలో సామ్రాజ్యపు గవర్నర్ అరిండా ప్రైస్ పేలుడు రగిలిస్తుంది. పౌరులు పెద్ద సంఖ్యలో చనిపోతారు. థ్రాన్‌కు మాత్రం గ్రాండ్ అడ్మిరల్ పదవి దక్కుతుంది. నెత్తురు ప్రైస్ చేతులకు, కీర్తి థ్రాన్‌కు. తన చిస్ జాతిని బయటి ముప్పు నుంచి కాపాడుకోవడానికే సామ్రాజ్యాన్ని సేవిస్తున్నాడన్న సమర్థన అతనికి ముందే సిద్ధంగా ఉంది.

1993 నాటి ‘ది లాస్ట్ కమాండ్’లో లెక్క వేరు. సామ్రాజ్యం నోగ్రీ అనే జాతి నేలను బాగుచేస్తున్నట్టు నటిస్తూ తరాలుగా వాళ్లను బానిసలుగా ఉంచింది. ఆ మోసాన్ని థ్రాన్ కూడా కొనసాగించాడు. నిజం తెలిసిన నోగ్రీ అంగరక్షకుడు రూక్ చేతిలోనే చచ్చాడు. శత్రువుల కళను చదివినవాడికి వెనక నిలబడ్డవాడి మనసు అందలేదు.

2016లో ‘రెబెల్స్’ ధారావాహిక మూడో సీజన్‌లో థ్రాన్ అప్పటికే గ్రాండ్ అడ్మిరల్. కాబట్టి అతని గతం చెప్పే నవలలో అతన్ని చంపడం కుదరదన్న వాదన సరైనదే. కానీ శిక్షించకపోవడం వేరు, నేరంలో వాటా లేకుండా చేయడం వేరు. ‘థ్రాన్’లో జాన్ చేసింది రెండోది. యుద్ధతంత్రం చూపడంలో ఇది మెరుగైన నవల. సామ్రాజ్యం ఎలాంటిదో చెప్పడంలో మాత్రం 1993 నవలదే పైచేయి.