పుస్తెమట్టెల నుంచి పత్రం దాకా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో రెండు తరాల కిందటి దాకా పెళ్ళికి సాక్ష్యం అంటే ఊరే. లగ్నం పెట్టిన అయ్యగారు, ఐరేని కుండలు తెచ్చిన కుమ్మరి, డప్పు కొట్టినవాళ్ళు, పందిట్లో తలంబ్రాలు చూసిన చుట్టపక్కాలు చాలు. ఫలానావాళ్ళ బిడ్డ ఫలానావాళ్ళ కోడలైందని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ మర్చిపోనూ లేదు. ఇవాళ అదే ఊరి పిల్ల డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న భర్త దగ్గరికి పోవాలంటే ఊరంతా వచ్చి చెప్పినా పని జరగదు. సర్టిఫికెట్ కావాలి. ఈ కాగితం మన పెళ్ళిళ్ళలోకి ఎలా వచ్చిందో, ఎవరి కోసం వచ్చిందో తెలుసుకుంటే, దాన్ని ఇప్పుడు ఎందుకు వాడుతున్నామో కూడా ఆలోచించగలం.

నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో పెళ్ళి రాతకెక్కడం ముస్లిం కుటుంబాలకు అలవాటైన పని. ఖాజీ నిఖా చదివించి, మెహర్ ఎంతో, సాక్షులెవరో సియాహా అనే రిజిస్టరులో రాసి సంతకాలు తీసుకునేవాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆ రాత ఆధారంగానే వక్ఫ్ బోర్డు పెళ్ళి సర్టిఫికెట్ ఇస్తుంది. విదేశాలకు వెళ్ళే కుటుంబాలు హైదరాబాదు నాంపల్లిలోని హజ్ హౌస్ మెట్లెక్కేది అందుకే. చర్చి పెళ్ళికీ రిజిస్టరు ఉంటుంది. హిందువుల ఇళ్ళలో మాత్రం రాత ఎందుకన్న ప్రశ్నే పుట్టలేదు.

ఆ ప్రశ్న పుట్టింది ఊరు ఒప్పుకోని పెళ్ళిళ్ళతో. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. దానికి చట్టం అండ 1856 నుంచీ ఉంది, సమాజం అండ లేదు. శాస్త్రోక్తమైన పెళ్ళి వద్దనుకున్నవాళ్ళ కోసం 1872లో బ్రిటిష్ ఇండియాలో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. కులం దాటినవాళ్ళు, మతం దాటినవాళ్ళు రిజిస్ట్రారు ముందుకు వెళ్ళడం అక్కడ మొదలైంది. పందిట్లో సాక్షులు కరువైనప్పుడు సర్కారే సాక్షిగా నిలవాలి కదా.

మన వైపు ఆ అవసరం ఇంకో దారిలో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు గుండెకాయలు. ఉద్యమంలో కలిసి పనిచేసినవాళ్ళు పురోహితుడు లేకుండా, కట్నం లేకుండా, సభలో దండలు మార్చుకొని ఒకటయ్యారు. ఆ దండల పెళ్ళిళ్ళు ఆ తర్వాత కూడా ఈ జిల్లాలో చాలాకాలం నడిచాయి. నాకు వాటి మీద గొప్ప గౌరవం. కానీ చట్టం వాటికి విడిగా చోటివ్వలేదు. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలను గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ ఆ పని చేయలేదు. దండలు మార్చుకున్నవాళ్ళకు గట్టి రుజువు కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దిక్కు.

ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. పెళ్ళి చేసుకోబోయేవాళ్ళు ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. ఇంట్లో తెలిస్తే ప్రాణం పోతుందని భయపడే జంటకు నెల రోజులు గోడ మీద పేరుండటం అంటే ఏమిటో మిర్యాలగూడకు చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 14న ఆ ఊళ్ళో ఆసుపత్రి ముందు, గర్భిణి అయిన భార్య కళ్ళెదుటే, కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి నరికి చంపారు. రక్షణ ఇవ్వడానికి పుట్టిన కాగితమే జాడ చెప్పే కాగితం కాకూడదు.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అందులో ఎనిమిదో సెక్షను రిజిస్ట్రేషనుకు వీలు కల్పించింది. రాష్ట్రాలు కావాలనుకుంటే తప్పనిసరి చేయవచ్చు. పాటించకపోతే జరిమానా 25 రూపాయల దాకా. నమోదు చేయించనంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదని కూడా అదే సెక్షను చెప్పింది. ఇక రిజిస్ట్రారు గడప తొక్కేదెవరు? సబ్ రిజిస్ట్రారు ఆఫీసంటే పొలం అమ్మకాలు, తనఖాలే.

పరిస్థితి మార్చింది నీళ్ళు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచాయి. ఆ ధాన్యం డబ్బు తర్వాతి తరాన్ని ఇంజనీరింగు చదివించింది, 1990ల చివర సాఫ్ట్‌వేర్ దాన్ని విమానం ఎక్కించింది. మొదట్లో అమెరికా వీసా అంటే చెన్నై ప్రయాణమే. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచారు, మరుసటి ఏడు నుంచి వీసాలూ ఇక్కడే. భర్త మీద ఆధారపడి వెళ్ళే అమ్మాయి చేతిలో పెళ్ళి సర్టిఫికెట్ ఉండాలి. ఎనిమిదో సెక్షను నలభై ఏళ్ళలో చేయలేని పని వీసా అధికారి కిటికీ చేసింది.

ఆ కిటికీ దాకా చేరేలోపు పడే పాట్లు పేర్ల దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు విప్పి, చివర. శుభలేఖలో చి.ల.సౌ. తర్వాత ముద్దుపేరు. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు శుభలేఖ, పుస్తె కట్టే ఫొటో, వయసుకూ చిరునామాకూ రుజువులు, ముగ్గురు సాక్షులు. అన్నీ తెచ్చాక కూడా ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయే ఫైళ్ళున్నాయి. పెళ్ళి కుదిరిన రోజే రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకొని శుభలేఖ అచ్చు వేయించడం మేలు.

పెళ్ళి విదేశంలోనే జరిగితే? దానికి 1903 నాటి పాత చట్టాన్ని రద్దు చేసి 1969లో విదేశీ వివాహ చట్టం తెచ్చారు. వధూవరుల్లో ఒక్కరైనా భారత పౌరులైతే మన రాయబార కార్యాలయంలోని వివాహాధికారి ముందు పెళ్ళి చేసుకోవచ్చు. అక్కడి చట్టం ప్రకారం అప్పటికే పెళ్ళయిపోతే, 17వ సెక్షను కింద నమోదు చేయించుకోవచ్చు. వరుడికి 21, వధువుకు 18 నిండాలి, ఇద్దరికీ అప్పటికి బతికున్న జీవిత భాగస్వామి ఉండకూడదు. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు గానీ ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఉంది. మేనరికాల తెలుగువాళ్ళకు ఇది పనికొచ్చే మాట. అయినా ఎక్కువమంది అమెరికాలో కౌంటీ ఇచ్చిన పత్రంతో ఆగిపోతారు. ఇక్కడ ఆస్తి పంచుకునేటప్పుడో విడాకుల కేసు పడ్డప్పుడో కష్టం తెలుస్తుంది.

అక్కడి కాగితం ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో చూపించిన కేసు మన జిల్లాను తాకింది. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒకాయన తర్వాత అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. 1981లో, అప్పటి నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్టలో, ఇంకొకావిడను పెళ్ళాడాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కింద కేసు పెట్టింది. 1991 జూలై 9న సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదంది. భార్యాభర్తలు ఏ చట్టం కింద పెళ్ళి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టం చెప్పే కారణాలతోనే విడగొట్టాలన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. ఒక తెలుగు ఆడపడుచు పట్టుదల దేశంలోని ఎన్నారై భార్యలందరికీ అండ అయింది.

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టం చేసింది. కులమతాలతో పని లేకుండా అన్ని పెళ్ళిళ్ళకూ వర్తించేలా చేసిన ఈ చట్టాన్ని 2014 తర్వాత తెలంగాణ కొనసాగించింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని ఆదేశిస్తూ ఇలాంటి రాష్ట్ర చట్టాలను ప్రస్తావించింది. బాల్య వివాహాలు ఆగాలి, మొదటి పెళ్ళి దాచి రెండోది చేసుకునేవాళ్ళు దొరకాలి, వదిలేసిన భార్యకు ఆధారం ఉండాలి: కోర్టు చెప్పిన కారణాల్లో ఇవన్నీ ఉన్నాయి, వీసా లేదు. మన ఊళ్ళలో వీసా ఒక్కటే ఉంది. ఊళ్ళోనే కాపురం చేసే పిల్ల పెళ్ళి నమోదు చేయించాలని ఎందరు తల్లిదండ్రులకు తడుతుంది?

వీసా కోసమే కాగితం అనుకుంటే ఏమవుతుందో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తరప్రదేశ్‌లో తతంగం ఏదీ జరగకుండానే ఒక జంట పెళ్ళి నమోదు చేయించుకుంది. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి జరగకుండా నమోదైతే ఆ సర్టిఫికెట్ చెల్లదని కోర్టు చెప్పింది. విదేశాలకు వెళ్ళే తొందరలో ముందే నమోదు చేయించే అలవాటును కూడా తప్పుపట్టింది. ఈ అలవాటు మన దగ్గరా ఉంది. ముందు రిజిస్టరు, ఆర్నెల్లకు పందిరి. మధ్యలో సంబంధం చెడితే ఆ పిల్ల పెళ్ళయినదా కానిదా?

విదేశంలో జరిగే పెళ్ళిళ్ళ సంగతికొస్తే ఫిలిప్పీన్స్ గుర్తొస్తుంది. మన పిల్లలు డాక్టరు చదువు కోసం వెళ్ళే ఆ దేశం తన జనాన్ని ప్రపంచమంతా పనికి పంపుతుంది. ఫిలిపినో ఏ దేశంలో పెళ్ళి చేసుకున్నా ఆ సంగతి అక్కడి తమ కాన్సులేటుకు తెలియజేయాలి. ఆలస్యమైతే కారణం చెబుతూ ప్రమాణపత్రం ఇవ్వాలి. కాన్సులేటు నుంచి అది మనీలాకు వెళ్ళి జాతీయ గణాంక సంస్థ రికార్డుల్లోకి చేరుతుంది. దుబాయిలో జరిగిన పెళ్ళికి సొంత దేశంలోనే పత్రం తీసుకోవచ్చు. మనకు అలాంటి ఒకే దారి లేదు. ఇంటి దగ్గర పెళ్ళిళ్ళ నమోదు రాష్ట్రాల చేతిలో, విదేశంలో రాయబార కార్యాలయాల చేతిలో.

ఎన్నారై పెళ్ళిని 30 రోజుల్లో నమోదు చేయించాలని, చేయించకపోతే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చని చెప్పే బిల్లును 2019 ఫిబ్రవరి 11న అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ రాజ్యసభలో పెట్టారు. లా కమిషన్ 2024 ఫిబ్రవరి నాటి తన 287వ నివేదికలో ఎన్నారై పెళ్ళిళ్ళన్నిటికీ నమోదు తప్పనిసరి చేస్తూ సమగ్ర చట్టం తేవాలని కోరింది. సుష్మా స్వరాజ్ పెట్టిన బిల్లు మాత్రం చట్టం కాలేదు. నా దృష్టిలో ఇది పార్లమెంటు ఆడపిల్లలకు బాకీపడ్డ చట్టం.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎన్నారై సంబంధం చేసుకుంటున్న అమ్మానాన్నలకు ఒక మనవి: పుస్తె కట్టిన తర్వాతే, అల్లుడు విమానం ఎక్కక ముందే నమోదు చేయించండి. సర్టిఫికెట్‌కు ధ్రువీకరించిన ప్రతులు రెండు తీసుకోండి. అల్లుడి పాస్‌పోర్టు, వీసా ప్రతులతో కలిపి ఒకటి బిడ్డ పెట్టెలో పెట్టండి, ఇంకొకటి మీ బీరువాలో ఉంచండి.