బయోమెటీరియల్స్ పరిశోధనలో డిగ్రీ విద్యార్థులు (అమెరికా)

కంటిశుక్లం తీశాక అమర్చే కటకం, కృత్రిమ తుంటి కీలు, గాయంపై వేసే జెల్ కట్టు వంటివి శరీరాన్ని అంటిపెట్టుకుని పనిచేసే పదార్థాలు, ఇవే బయోమెటీరియల్స్. నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ విద్యార్థులు ఈ రంగంలో తక్కువ. చదువు ఆపి ఆలస్యంగా కాలేజీలో చేరినవారు, పూర్తికాలం ఉద్యోగం చేస్తూ చదివేవారు, పిల్లల బాధ్యత ఉన్నవారు కూడా పరిశోధనశాలల్లో అంతగా కనిపించరు. అమెరికా విద్యా గణాంకాల కేంద్రం ఈ రెండో కోవవారిని సంప్రదాయేతర విద్యార్థులుగా లెక్కిస్తుంది. ఈ రెండు కోవలవారి కోసం జరిగిన ప్రయత్నాలను పరిశీలిస్తే, వీరికి కొరవడింది ప్రధానంగా తీరిక, డబ్బు అనే తేలుతుంది.

డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే సాయాన్ని చాలామంది 1987లో వచ్చిన ఆర్‌ఈయూ (డిగ్రీ విద్యార్థులకు పరిశోధనానుభవం) పథకంతో మొదలుపెడతారు. ఇలాంటి పథకమే 1958 ప్రాంతంలో మొదలై 1980ల తొలినాళ్లలో నిలిచిపోయింది కనుక 1987ను పునరారంభమనడమే సబబు. ఆర్‌ఈయూలో విద్యార్థి సాధారణంగా వేసవిలో 8 నుంచి 10 వారాలు భృతి తీసుకుంటూ పరిశోధనశాలలో పనిచేస్తాడు. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలోని మేయర్‌హాఫ్ ఉపకారవేతన పథకం ఆరంభాన్ని కొందరు 1988గా, కొందరు తొలి బృందం చేరిన 1989గా రాస్తారు. స్థాపన సంవత్సరంగా 1988నే తీసుకోవచ్చు. ఇందులో చేరినవారు, సీటు వచ్చినా వేరేచోటికి వెళ్లినవారికంటే దాదాపు 5 రెట్లు ఎక్కువగా సైన్సు పీహెచ్‌డీల వైపు వెళ్లారని ఆ పథకం అధ్యయనాలు చెబుతాయి. రెండు వర్గాలూ ఒకే ఎంపికలో నెగ్గినవే కాబట్టి ఈ పోలికకు విలువ ఉంది.

అయితే షిఫ్టు ఉద్యోగం, చంటిబిడ్డ ఉన్నవారు ఆర్‌ఈయూ కోసం వేసవంతా మరో ఊళ్లో గడపలేరు. అందుకే 2014లో బంగేరా, బ్రౌనెల్ అనే పరిశోధకులు పరిశోధనను తరగతి పాఠంలోనే కలిపితే ఎక్కువమందికి అందుతుందని వాదించారు. ప్రొఫెసర్‌ను వెళ్లి అడగాలని తెలియని విద్యార్థికీ అప్పుడు అవకాశం దక్కుతుంది. బయోమెటీరియల్స్ దీనికి అనువైన రంగం. సముద్రపు నాచు నుంచి వచ్చే సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే, కాల్షియం అయాన్లు ఆల్జినేట్ గొలుసులను ముడివేసి క్షణాల్లో జెల్ పూసలు తయారవుతాయి. ముందే ఆల్జినేట్ ద్రావణంలో రంగు కలిపి, అది పూసల నుంచి గంటగంటకూ ఎంత బయటికి వస్తుందో కొలిస్తే మందు విడుదలకు నమూనా దొరుకుతుంది. గాఢత మార్చినప్పుడల్లా కొత్త ప్రశ్న పుడుతుంది. ఖర్చూ తక్కువే.

ఇది పైపై అనుభవమేనని, ఒక సెమిస్టరు పాఠం ఏళ్లతరబడి గురువు చెంత చేసే పనికి సాటిరాదని ఆక్షేపణ ఉంది. అందులో నిజముంది. 2017లో నేషనల్ అకాడమీస్ నివేదిక కూడా ఇటువంటి అనుభవాలపై వచ్చిన అధ్యయనాల్లో కార్యకారణ సంబంధాన్ని గట్టిగా రుజువు చేసేవి తక్కువేనని తేల్చింది. కానీ జీతంలేని శిక్షణే దిక్కైతే, ఇంటి ఆసరా ఉన్నవారే మిగులుతారు; అది ప్రతిభకు పరీక్ష కాదు. భృతి ఇస్తే ప్రమాణాలు పడిపోతాయన్న భయానికి మేయర్‌హాఫ్ ఫలితాలే జవాబు. కాబట్టి అందరికీ తరగతిలో పరిశోధన, ఆసక్తి చూపినవారికి సాయంత్రం వేళల్లో భృతితో కూడిన పని, ఆపైన గురువు పర్యవేక్షణ అనే వరుసే న్యాయమైనది. ఈ మూడింటికీ విశ్వవిద్యాలయాలు తమ బడ్జెట్లలో చోటు కల్పించాలి.