అడుగుల్లో కడెం, మీటర్లలో ఎల్లంపల్లి

వానాకాలం పేపర్లలో ప్రాజెక్టుల పట్టిక ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కడెంది 700 అడుగులు. కడెం నీళ్లు గోదావరిలో కలిసి దిగువన ఎల్లంపల్లికి చేరతాయి. దాని మట్టం మాత్రం 148 మీటర్లు. ఇంకా కిందికి, మేడిగడ్డకి 100 మీటర్లు. ఒకటే నీళ్లు, దారిలో కొలత మారిపోయింది.

దీని వెనక చరిత్ర ఉంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. శ్రీరాంసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. అప్పటికి చట్టప్రకారం అంగట్లో సేర్లు పోయి కిలోలు వచ్చేశాయి, ఆనకట్టకి మాత్రం అడుగులే మిగిలాయి. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ అవార్డు కూడా పంపకాలని టీఎంసీల్లోనే రాసింది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రాష్ట్రాల మధ్య తీర్పుగా మారిన అంకెని ఎవరు కదిలిస్తారు? అందుకే ఎల్లంపల్లి మట్టం మీటర్లలో ఉన్నా, నిల్వ 20.175 టీఎంసీలు.

గేట్ల దగ్గర పనిచేసే మనిషికి ఏ అంకె ఏ కొలతదో తెలుసు. వరదని సిమ్యులేషన్‌లో పెట్టినప్పుడే చిక్కు. సాఫ్ట్‌వేర్ మనిచ్చిన అంకెనే నమ్ముతుంది. క్యూసెక్కులకి బదులు క్యూమెక్కులు ఇస్తే తేడా 35 రెట్లు, వెంటనే కంట్లో పడుతుంది. నాకు భయం చిన్న తప్పులంటేనే. ప్రవాహాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రంలో మీటర్లయితే గుణకం 1, అడుగులయితే 1.49. అడుగుల్లో లెక్క చేస్తూ గుణకం 1 వాడితే, 5 లక్షల క్యూసెక్కులు రావాల్సిన చోట సుమారు 3.36 లక్షలు వస్తుంది. అది చూడ్డానికి నమ్మబుద్ధేసే అంకె.

ఆ రెండు అంకెల మధ్య ఏముందో కడెం చెబుతుంది. 2022 జులైలో అక్కడికి 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. గేట్ల సామర్థ్యం సుమారు 3 లక్షలే. పైగా 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. 7.6 టీఎంసీల జలాశయం పూర్తిగా ఖాళీగా ఉన్నా, ఆ వరదకి నాలుగుంపావు గంటల్లో నిండిపోతుంది. 1958లో నీళ్లు కట్ట పైనుంచి పొర్లి, కట్ట తెగిన చోటు అది. 2022లో ఆనకట్ట నిలబడింది.

అలాంటి రాత్రి మోడల్ 3.36 లక్షలని చూపిస్తే ‘గేట్లు దాదాపు తట్టుకుంటాయిలే’ అనుకుంటాం. 5 లక్షలని చూపిస్తే దిగువ ఊళ్లని ఖాళీ చేయిస్తాం. మన ప్రాజెక్టుల పాత రికార్డులని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు, అంకెతో పాటు అది ఏ కాలం కొలతో కూడా ఎక్కించాలి.